పిడికెడు బియ్యం

నర్సింగ్ హోమ్‌కు పోయి, "మీ దగ్గర ముసలివాళ్లను బాగా చూసుకుంటారా?" అని డాక్టరునే అడగడం, అల్లుణ్ణి పిలిచి కూతుర్ని బాగా చూసుకుంటున్నావా అని అడిగినట్టే ఉంటుంది. ఎవరైనా బాగానే చూసుకుంటున్నామంటారు. అందుకే నేను అడగను. నీళ్ల గ్లాసు ఎక్కడ పెట్టారో చూస్తాను. దుప్పటి ఎత్తి మడమలు చూస్తాను. నోరు తెరిపించి చిగుళ్లు చూస్తాను. మిషన్ ఆస్పత్రిలో సగం జీవితం నర్సుగా చేసినదాన్ని, ఈ అలవాట్లు పోలేదు. మిగతా సగం బళ్లారిలో డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుని గడుపుతున్నాను. చైనాలో ఒలింపిక్స్‌కు ఇనుము కావాలట, ఇక్కడ మా కొండలన్నీ లారీలెక్కి పోతున్నాయి. డబ్బొచ్చిన ప్రతి ఇంట్లోనూ ఒకరి మీద ఒకరికి అనుమానం. నాకు పనికి కొదవ లేదు.

ఆ రోజు పని మాత్రం మొగుడూ పెళ్లాల అనుమానం కాదు. యశ్వంతనగర్ దాటాక రోడ్డు పక్కన మా మిషన్ చర్చి సంఘాలు కట్టించిన 'కరుణా నిలయం' ఉంది. మంచం పట్టిన ముసలివాళ్లను చూసుకునే నర్సింగ్ హోమ్. కట్టడం సంఘాలది, నడిపేది కాంట్రాక్టు తీసుకున్న ఒక డాక్టరు. అక్కడి సంరక్షణ ఎలా ఉందో చూసి చెప్పమని సంఘాల బోర్డు నన్ను పంపింది. బోర్డు వాళ్ల వెంటపడి వాళ్లను కదిలించింది అక్షత.

ఆ పిల్ల గేటు ఎదురుగా టీ అంగట్లో కూర్చుని ఉంది. హొసపేటలో టీచరు. లోపల మంచం మీద ఉన్న ఉచ్చెంగమ్మ ఆమెకు నాయనమ్మ. తల్లీ తండ్రీ లేని పిల్లను పెంచి చదివించిన మనిషి.

"నన్ను లోపలికి ఇడ్సరు రెజీనక్కా," అంది నన్ను చూడగానే లేచి. "ఒకసారి అంటురోగమన్నారు. ఒకసారి నిద్రపోతాండాదన్నారు. పోయినసారి మీ చిన్నాన్న వద్దన్నాడని మొగం మీదే చెప్పినారు."

ఆ చిన్నాన్న పేరు హంపేశ్. ఉచ్చెంగమ్మకు మరిది కొడుకు. బండ్రి దగ్గర ఆమెకున్న మెట్ట చేను కింద ఇనుప రాయి పడింది. ఆమె బతికుండి వేలిముద్ర వేస్తే చేను హంపేశ్‌ది అవుతుంది. వేయకుండా పోతే అక్షతది. ఆమె వేయనంది. ఆ తరువాత కాలు విరిగిందని హంపేశే తెచ్చి ఇక్కడ చేర్చాడు. రేపు సబ్ రిజిస్ట్రారు ఇక్కడికే వచ్చి వేలిముద్ర తీసుకుంటాడని అక్షత చెవిన పడింది.

"నాకు చేను బేడ, వద్దే వద్దక్కా. ఉంటే ఎంత, పోతే ఎంత. మా అవ్వను బాగా చూసుకుంటాండారా లేదా, అంతే చెప్పు. బాగలేకుంటే ఈ పొద్దే ఎత్తుకొని పోతా." కళ్లు తుడుచుకుని నా సంచిలో ఒక పొట్లం పెట్టింది. "ఆకు, వక్క, రవ్వంత పొగాకు. అన్నం లేకున్నా ఉంటాది గానీ ఇది లేకుంటే ఉండదు మా అవ్వ. నా పేరు చెప్పి ఇయ్యి."

అవ్వ ఫోటో కావాలంటే ఆమె ఓటరు కార్డు చూపించింది. ఓటరు కార్డు ఫోటోలో నన్ను నా కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. చూసి తిరిగి ఇచ్చేశాను.

లోపల అడుగు పెట్టగానే ఎదురైనవాడు గాదిలింగప్ప. సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా రిటైరై, నా ఆఫీసు వీధిలోనే నా బోర్డుకు మూడింతల బోర్డు పెట్టుకున్నాడు. సఫారీ సూటు, మైను వాళ్లిచ్చిన జీపు. నేను వెతికే మనుషులను దాచిపెట్టడం అతని వృత్తి. కాఫీ తాగుతూ హాల్లో సోఫాలో దర్జాగా కూర్చున్నాడు.

"ఏం సిస్టర్, మాత్రలు లెక్కపెట్టను వచ్చినావా?"

"నువ్వు యాడ ఉంటే ఆడ మాత్రల కంటే పెద్దవే ఉంటాయి కదప్పా, వాటిని చూసేకి వచ్చినా."

"సుమ్నె, ఊరికే కిరికిరి పెట్టుకోవద్దు. నేనూ చూసినా. ఏసీ ఉండాది, టీవీ ఉండాది, మంచం మంచానికీ బెల్లు ఉండాది, ఆక్సిజన్ ఉండాది. నంబర్ వన్. హంపేశప్ప అడిగితే ఇదే చెప్తా, మీ బోర్డు అడిగినా ఇదే చెప్తా."

"నువ్వు సామాన్లు చూసినావు. నేను మనుషుల్ని చూసి వస్తా, కూర్చో."

కూర్చుంటాడా! కాఫీ కప్పు పక్కన పెట్టి నా వెనకే లేచాడు. నన్ను ఒంటరిగా వదలొద్దని అతనికి ఆర్డరు ఉందని అప్పుడే అర్థమైంది.

డాక్టరు సండూరు పోయాడు. వార్డు చూపించింది మేట్రన్ కెరోలిన్. ఆదోని పిల్ల, మా సంఘాల కుటుంబమే. చేరి నెల కూడా కాలేదట. పాత నర్సులంతా రెండింతల జీతానికి మైను ఆస్పత్రులకు వెళ్లిపోతే, డాక్టరు మొత్తం కొత్తవాళ్లను తెచ్చుకున్నాడు. ఆ మాట ఆమె మామూలుగా చెప్పింది, నేనూ మామూలుగానే విన్నాను.

ఆడవాళ్ల వార్డు నేల అద్దంలా మెరుస్తోంది. నీళ్ల గ్లాసులు మాత్రం గోడ అల్మారా పైఅరలో వరసగా పెట్టి ఉన్నాయి. నిలబడ్డ నర్సుకు అందుతాయి, పడుకున్న మనిషికి అందవు. బెల్లు తీగ కాళ్లకు తగులుతోందని పైకి చుట్టి ముడి వేశారు.

మొదటి మంచం మీదున్న నాగక్క అనే అవ్వను అడిగాను. "దప్పికైతే ఏం చేస్తావవ్వా?"

"నిద్రపోతానమ్మా. నిద్రపోతే దప్పిక తెలీదు కదా."

గాదిలింగప్ప వైపు తిరిగాను. "నీ నంబర్ వన్ విన్నావా?"

"బెల్లు ఉండాది కదా!"

"ఉండాది. అంత పొడుగు చెయ్యి ఆ యమ్మకు లేదు."

కెరోలిన్ ముఖం ఎర్రబడింది. ఎవరూ చెప్పకముందే స్టూలెక్కి ముడి విప్పి, తీగ కిందికి వదిలింది. గ్లాసు దించి నాగక్క చేతికిచ్చింది. పనిమంతురాలే, కానీ ఇన్ని మంచాలకు పగలు ఆమె ఒక్కతే. నాకు కోపం ఆమె మీద రాలేదు, మెరిసే నేల మీద వచ్చింది.

చివర, మూసి ఉన్న గది ఉచ్చెంగమ్మది. ఏసీ లేదు గానీ కిటికీ ఉంది. కిటికీ బయట సంఘం వాళ్ల సమాధుల తోట, లారీల దుమ్ముకు అన్ని సిలువలూ ఎర్రబారి ఉన్నాయి. ఒక్కటి మాత్రం కొత్తగా సున్నం కొట్టినది, ఇంకా కొంచెం తెలుపు మిగిలి ఉంది.

మంచం మీది అవ్వ కళ్లు మూసుకుని పడుకుని ఉంది. దుప్పటి ఎత్తాను. మడమలు మెత్తగా, కొబ్బరి నూనె రాసి ఉన్నాయి. వీపు మీద పుండు లేదు. తల దువ్వి జడ వేసి ఉంది. గ్లాసు చేతికందేచోటే ఉంది. ఇల్లంతటిలోనూ ఇంత బాగా సేవ అందుతున్న మనిషి ఇంకొకరు లేరు.

"ఇప్పుడేమంటావ్?" అన్నాడు గాదిలింగప్ప వెనక నుంచి. "పోయి ఆ పిల్లకు చెప్పు. అవ్వను మహారాణి మాదిరి చూసుకుంటాండారని."

నాకూ ఒక్క క్షణం సంతోషమే అయింది. గేటు బయట కూర్చున్న పిల్లకు మంచి మాట ఒకటి తీసుకుపోవచ్చు కదా అనిపించింది. పొట్లం విప్పి ఆకూ పొగాకూ అవ్వ ముక్కు దగ్గర పెట్టాను. "అక్షత పంపింది."

ఆమె కళ్లు తెరవకుండానే మొహం చిట్లించి అటు తిప్పుకుంది. మత్తులో ఉందిలే అనుకున్నాను. గడ్డం పట్టి నోరు తెరిపించాను. చిగుళ్లు లేత రంగు. మిగిలిన నాలుగు పళ్లూ పాలిపోయి ఉన్నాయి గానీ, వాటి సందుల్లో ఎక్కడా ఎరుపు లేదు, నలుపు లేదు. వక్కా పొగాకూ లేకుంటే ఉండలేని నోరు ఇలా ఉండదు. ఎంత తోమినా ఉండదు. పొట్లం మళ్లీ మడిచి చేతిలోనే పట్టుకున్నాను.

"ఈ యమ్మకు ఏం ఇస్తాండారు కెరోలిన్?"

"పొద్దున ఒక ఇంజెక్షన్ అక్కా. డాక్టరే ఇస్తాడు. ఈ గదిలోకి నేను, డాక్టరు, అంతే. ఇంకెవురూ రాకూడదు. అంటురోగమంట."

"అంటురోగానికి మత్తు ఇంజెక్షనా?"

ఆమె దుప్పటి మళ్లీ కప్పి అంచులు సర్దింది. గాదిలింగప్ప మాత్రం గొంతు సవరించుకున్నాడు.

"వంటిల్లు చూద్దాం పద," అన్నాను.

వంటింట్లో దుర్గక్క అన్నం వారుస్తోంది. పట్టి చూశాను. ఒక మెతుకు పిండి అయిపోతే పక్క మెతుకు పలుకుగా ఉంది.

"నన్ను అనొద్దమ్మా," అంది దుర్గక్క ముందే. "ఆ బియ్యం అంతే. ఒకటి ఉడికితే ఒకటి ఉడకదు."

మూలనున్న మూట విప్పగానే నాకు తెలిసిపోయింది. సన్నవి, దొడ్డువి, పాతవి, కొత్తవి, రేషన్ స్టోరు బియ్యం, అన్నీ కలిసి ఉన్నాయి. పిడికెడు బియ్యం! మా మిషన్ ఇళ్లలో ఆడవాళ్లు ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవునికని పక్కన కుండలో వేస్తారు. వేసేటప్పుడు కొంగు తల మీదికి లాక్కుని, కళ్లు మూసుకుని ఒక మాట ప్రార్థన చేస్తారు. ఆదివారం ఆ బియ్యం సంఘానికి పోతుంది, అందులోంచి ఇక్కడికి వస్తుంది. నూరు ఇళ్ల బియ్యం ఒక్క మూటలో ఉంటే ఒకేలా ఎలా ఉడుకుతుంది? మెత్తగా గంజి కాచి పెట్టమని దుర్గక్కకు చెప్పి, కెరోలిన్‌ను పక్కకు పిలిచాను.

"ఈ మధ్య ఎవురైనా పోయినారా ఈడ?"

"నేను రాకముందు ఒకరే. కృపమణి అని, తెక్కలకోట అవ్వ. నా అనే వాళ్లు లేరంట. ఈ తోటలోనే మట్టి చేసినారు. ఆ కొత్త సిలువ ఆ యమ్మదే."

"ఎవురు చూసినారు?"

"అంటురోగమని పెట్టె మూసే తెచ్చినారంట. పాస్టరయ్య మూసిన పెట్టె మీదే ప్రార్థన చేసినాడంట." ఆమె మాట్లాడుతూనే ఒక చేట తీసుకుని, మూటలోంచి బియ్యం పోసుకుంది.

"ఎవురికి అది?"

"ఉచ్చెంగమ్మవ్వకు. భోజనాల వేళకు ఇంజెక్షన్ దిగిపోతాది అక్కా. చేతులు ఊరికే ఉండవు, దుప్పటి పీకుతాది, గోళ్లతో గీరుకుంటాది. ఒకరోజు చేట చేతికిచ్చినా, రాళ్లు ఏరుకుంటా ప్రశాంతంగా కూర్చునింది. అప్పటి నుంచీ రోజూ ఇస్తాండా. డాక్టరుకు తెలీదు. తప్పా?"

"కాదమ్మా," అన్నాను. "ఈ ఇంట్లో నేను చూసిన మంచి వైద్యం ఇదొక్కటే."

మళ్లీ ఆ గదికి పోయాం. అవ్వ లేచి కూర్చుని దుప్పటి అంచు పీకుతోంది. చేట ఒళ్లో పెట్టగానే వేళ్లు నెమ్మదించాయి. రాయి ఒకటి తీసింది, వడ్లగింజ ఒకటి తీసింది. తరువాత పిడికిట నిండా బియ్యం తీసుకుని చేట అంచున విడిగా పోసింది. కొంగు తల మీదికి లాక్కుంది. కళ్లు మూసుకుంది. పెదాలు కదిలాయి. చివరి మాట మాత్రం వినిపించింది. "ఆమేన్."

నేను కళ్లు తెరిచిన నాటి నుంచీ మా అమ్మ చేతిలో చూసింది ఇదే.

"కెరోలిన్, ఈ యమ్మ రోజూ ఇట్లే చేస్తాదా?"

"రోజూ ఇంతే అక్కా."

"చూస్తే నీకేమీ అనిపించలేదా?"

"ఏం అనిపించాల? మా అమ్మా ఇంతే, మా అత్తా ఇంతే. బియ్యం ముట్టుకుంటే పిడికెడు తియ్యకుండా..." అక్కడ ఆగిపోయింది. మంచం మీది మనిషి పేరు ఉచ్చెంగమ్మ. ఉచ్చంగిదుర్గం అమ్మవారి పేరు పెట్టుకుని, ఆమెకే మొక్కే బండ్రి అవ్వ. కెరోలిన్ చేయి నోటి మీదికి వెళ్లింది.

ఆ పిల్లను ఏమని తప్పుపట్టను! ఇంట్లో రోజూ చూసేది ఎవరికి వింతగా కనబడుతుంది? ఇంకే ఇంటి పిల్ల అయినా మొదటి రోజే, ఈ అవ్వ ఏందో చేస్తాందని నలుగురికీ చెప్పేది.

"ఏందిది?" అన్నాడు గాదిలింగప్ప. "బియ్యం ఏరినా తప్పేనా నీకు?"

అతణ్ణి పట్టించుకోకుండా మంచం మీద కూర్చున్నాను. "అవ్వా, నీ పేరేంది?"

ఆమె మొదట తలుపు వైపు చూసింది. తరువాత పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "ఉచ్చెంగమ్మ."

"ఎవురు చెప్పినారు ఆ పేరు?"

"డాక్టరప్ప. ఎవురు అడిగినా అట్లే చెప్పమన్నాడు."

"సరే. బాప్తిస్మంలో పెట్టిన పేరేంది?"

ఆ మాట అడిగితే అబద్ధం చెప్పే అవ్వ మా సంఘాల్లో ఇంకా పుట్టలేదు. ఆమె ముఖం విప్పారింది.

"కృపమణి. తెక్కలకోట సంఘం." నా చెయ్యి పట్టుకుంది. "ఎన్నాళ్లాయ తల్లీ ఆ పేరు పలికి! ఈడ ఆ పేరు చెప్తే సూది ఏస్తారు."

నాకు ఏడుపొచ్చింది. వచ్చిందని చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. మనిషి పేరు మనిషి నోట్లోంచి లాక్కోవడం కంటే చెడ్డ వైద్యం నేను ఎక్కడా చూడలేదు. లేచి గాదిలింగప్ప ముందు నిలబడ్డాను.

"కిటికీలోంచి చూడప్పా. ఆ కొత్త సిలువ మీద ఏం పేరు రాసినారు?"

అతను చూశాడు. చదివాడు. పోలీసు బుర్ర కదా, నేను చెప్పేలోపే ముఖం నల్లబడింది.

"కృపమణి ఈడ కూర్చొని బియ్యం ఏరుతాంటే, ఆ పెట్టెలో పోయింది ఎవురు?" అన్నాను. "వేలిముద్ర వెయ్యకుండా ఉచ్చెంగమ్మ పోయింది. ఎట్లా పోయిందో నాకు ఇంకా తెలీదు. పోయిందని తెలిస్తే చేను మనవరాలిది అవుతాది. అందుకే ఆ యమ్మను ఈ యమ్మ పేరు మీద మట్టి చేసి, ఈ యమ్మను ఆ యమ్మ మంచంలో పెట్టినారు. నర్సుల్ని మార్చినారు. మొగం తెలిసినోళ్లు ఎవురూ మిగల్లేదు. మనవరాల్ని గేటు దాటనియ్యలేదు."

"నాకు ఇదంతా తెలీదు సిస్టర్. దేవుడి మీద ఒట్టు. వేలిముద్ర వేసేటప్పుడు ఆ పిల్ల గలాటా చెయ్యకుండా చూడమన్నారు. అంతే."

"తెలీకుంటే ఇప్పుడు తెలుసుకో. వేలిముద్ర పడినాక ఈ యమ్మతో వాళ్లకు ఏం పని? ఆల్రెడీ సిలువ నాటినారు ఈ యమ్మకు. రేపు రాత్రికి పోతే అడిగేవాళ్లు ఎవురు?"

కృపమణి చేటలోంచి తలెత్తి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. గాదిలింగప్ప ఆమె చూపు తప్పించుకున్నాడు. జేబులోంచి ఫోను తీసి, మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

"రేపు కాదు సిస్టర్," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "ఈ పొద్దే. డాక్టరు సండూరు పోయింది రిజిస్ట్రారును, హంపేశప్పను ఎక్కించుకొని వచ్చేకే."

అతని మాట పూర్తి కాకముందే గేటు దగ్గర హారను మోగింది.

"నేను గేటు కాడికి పోతా. అడిగితే నువ్వు వంటింట్లో గంజి మరగబెట్టిస్తాండావని చెప్తా. అంతకంటే నన్ను అడగొద్దు." అని, వెనక్కి చూడకుండా వరండాలోకి వెళ్లిపోయాడు. అంతకంటే అతను చేస్తాడని నేనూ అనుకోలేదు. వాళ్లకు చెప్పేస్తాడేమో కూడా తెలియదు.

"కెరోలిన్, వెనక తలుపు తాళం ఎవురి దగ్గరుండాది?"

"నా దగ్గరే అక్కా." తాళంచెవి అప్పటికే కొంగుముడిలోంచి తీసింది. "చక్రాల కుర్చీ తెస్తా."

ఆమె అటు పరుగెత్తింది. ఇటు వరండాలో చెప్పుల చప్పుడు వినిపించింది. బూట్ల చప్పుడు కాదు, తేలికైన చెప్పులు. తలుపు తోసుకుని అక్షత వచ్చింది. కారు కోసం గేటు తెరిచినప్పుడు సందులోంచి దూరినట్టుంది. ఆయాసపడుతోంది, జుట్టంతా ఎర్ర దుమ్ము. ముఖం నిండా నవ్వు.

"అవ్వా!"

మంచం మీది మనిషి తలెత్తింది. అక్షత రెండడుగులు వేసి ఆగింది. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. తప్పు గదికి వచ్చానేమో అన్నట్టు గోడలవైపు చూసింది, నావైపు చూసింది. నా చేతిలో మడిచినట్టే ఉన్న ఆకు పొట్లం చూసింది.

"ఈ యమ్మ ఎవురక్కా?" అంది. "మా అవ్వ యాడ?"

"నిలబడుకున్నావేం తల్లీ," అంది కృపమణి, ఒళ్లో చేట కొంచెం పక్కకు జరిపి. "రా, కూర్చో."

వరండా చివర మగవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. గాదిలింగప్ప గొంతు, దాని మీద ఇంకో గొంతు. కెరోలిన్ కుర్చీతో వచ్చి తట్టేదాకా అని నేను తలుపు గడియ పెట్టి, అక్షత భుజం చుట్టూ చెయ్యి వేసి, ఆ కొత్త సిలువ కనబడే కిటికీ దగ్గరికి తీసుకుపోయాను.